మిలిటరీ తాత బూట్లు

కిందటి సంక్రాంతికి ఊరెళ్తే మా చిన్నతాత నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. రూళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఇంగ్లీషు మాటలు, తెలుగు అక్షరాలు, వరసకో నంబరు. ఓజీ ప్యాంటు ఒకటి. ఓజీ షర్టు ఒకటి. బెల్టు ఒకటి. నీలం టోపీ ఒకటి, బ్యాడ్జీతో. మెడల్ రిబ్బన్లు నాలుగు. సాక్సు ఒక జత. చివర్లో బూట్లు ఒక జత. బూట్ల కింద రెండు గీతలు.

"ఇదేంది తాతా?"

"కిట్టు."

"ఎవరికి?"

"నాకే. పెట్టెలో పడుకునేటప్పుడు తొడగాల."

మా అమ్మకి ఆయన చిన్నాన్న. వయసు 81. గుండె జబ్బు, కాళ్ళ వాపులు. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు గానీ మాట తగ్గలేదు. మా పల్లెలో ఆయన్ని మిలిటరీ తాత అంటారు. ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు మిలిటరోడు అంటారు. ఒకే మనిషి, ఒకే సర్వీసు. ఆ చివరి అక్షరాల్లోనే ఊరి మ్యాపు మొత్తం ఉంది.

ఈ పని నాకే ఎందుకు అప్పగించాడని అడిగా. "నువ్వు డాక్టరేటువి గదా, అర్జీ రాయి" అన్నాడు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినందుకు మా ఇంట్లో నాకు దక్కిన మొదటి ఉద్యోగం ఇదే.

అర్జీ రాశా. మాజీ సైనికుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి వెళ్ళా. అక్కడున్న గుమాస్తా కూడా మాజీ జవానే, మర్యాదగా మాట్లాడాడు. రిటైరైనవాళ్ళకి యూనిఫారం ఇచ్చే పద్ధతి లేదమ్మా, మీరే కొనుక్కోవాలి అన్నాడు. సికింద్రాబాద్ తిరుమలగిరి వైపు లాల్‌బజార్‌లో దొరుకుతాయని దారి కూడా చెప్పాడు.

పాత యూనిఫారం ఏమైందని మీరు అడగొచ్చు. 1980లో రిటైరై వచ్చాక అది పొలం బట్టలైంది. ఆర్మీ గుడ్డ తేలిగ్గా చిరగదు. నాట్లకీ కోతలకీ పదేళ్ళు ఆడింది. తర్వాత గోనెసంచులకి మాసికలైంది. మెడల్స్ మాత్రం రేకుడబ్బాలో ఉన్నాయి. 1965 యుద్ధం నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్, పాతికేళ్ళ స్వాతంత్ర్యానికి ఇచ్చింది ఒకటి, తొమ్మిదేళ్ళ సర్వీసుకి ఇచ్చింది ఒకటి. లోహం నిలబడింది, రిబ్బన్లు పురుగు కొట్టేసింది.

ఈలోపు లా చదువుతున్న మా తమ్ముడొకడు భయపెట్టాడు. సైనికుడు కానివాడు సైనికుడి బట్టలేసుకుంటే కేసు అక్కా అన్నాడు. చదివి చూశా. పాత ఐపీసీలో 140, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 168. తాను సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో వేసుకుంటేనే నేరం. పెట్టెలో పడుకున్న మనిషి ఎవర్ని నమ్మిస్తాడ్రా అని అడిగా. వాడు నవ్వాడు. తాత నవ్వలేదు. "నేనెవుర్నీ నమ్మియ్యక్కర్లా. నేను సైనికుణ్ణే" అన్నాడు.

లాల్‌బజార్‌లో షాపు మనిషి ముందు డిశ్చార్జి బుక్కు చూపించమన్నాడు. 2016లో పఠాన్‌కోట్ దాడి చేసినవాళ్ళు సైనిక దుస్తుల్లో వచ్చిన దగ్గర్నుంచి ఎవరికి పడితే వాళ్ళకి అమ్మొద్దని సైన్యం చెప్పిందట. చూపించా. ఆయన కొత్త కాంబాట్ డ్రెస్సు తీశాడు, 2022లో వచ్చిన డిజిటల్ చుక్కలది. అది కాదు, సాదా ఆలివ్ గ్రీన్ కావాలన్నా. గుడ్డ తీసుకుని అక్కడి టైలర్ దగ్గరికి వెళ్తే కొలతలడిగాడు. సంగతి చెప్పా. ఆయన కాసేపు ఆగి, చాలా మామూలుగా అడిగాడు, "వెనక మొత్తం తెరిచి కుట్టమంటారా? తొడగడం తేలిక."

తాతకి ఫోన్ చేసి అడిగా. అటువైపునుంచి అరుపు. "ఎనక కోసిన చొక్కా యూనిఫారం కాదు. బతికున్నోడికి కుట్టినట్టే కుట్టమను."

అలాగే కుట్టించా. ఛాతీ 36 ఉండే మనిషికి 32.

ఇంత పట్టుదల ఎందుకో, బూట్ల కింద ఆ రెండు గీతలెందుకో అప్పటికి నాకు పూర్తిగా తెలీదు. ఆయన 1964లో బూట్లు విప్పిన సంగతి మా ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పుకోరు. బట్టలు ఇంటికి తెచ్చిన రాత్రి ఆయనే చెప్పాడు.

1962 యుద్ధం తర్వాత సైన్యాన్ని బాగా పెంచారు. 1963లో, 19 ఏళ్ళకి, ఆయన బెంగళూరులో మద్రాస్ శాపర్స్‌లో చేరాడు. 1780 నుంచీ ఉన్న దళం అది. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు అందరూ ఉంటారు. అందర్నీ తంబీ అంటారు. ట్రైనింగ్ అయ్యాక 1964 ఎండాకాలంలో మొదటి సెలవు. యూనిఫారంలోనే రైలు దిగి, బస్సు దిగి, ఊళ్ళోకి నడిచాడు. ఆనాటి ఆర్మీ బూట్లకి అడుగున ఇనప మేకులుండేవి. నడిబజారులో ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బొడ్రాయి దాటుతుంటే అరుగు మీంచి ఒక ఆసామి పిలిచాడు. "ఎవుడ్రా ఆ టకటకలాడిచ్చేది?"

ఈయన నిలబడి పేరు చెప్పాడు, నంబరు చెప్పాడు, యూనిట్ పేరు చెప్పాడు. ట్రైనింగ్‌లో నేర్పింది అదే కదా. అరుగు మీద ఇంకో నలుగురు లేచారు. ఈలోపు కబురు అంది వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, పల్లెలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. కొడుకుని ఏమీ అనలేదు. దుమ్ములో గొంతుకూర్చుని కొడుకు బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన జన్మలో లేసులు ఎరగడు. ముడి ఎటు లాగితే వస్తుందో తెలీక పళ్ళతో లాగాడట.

"నేనే విప్పుకున్నానమ్మాయ్" అన్నాడు తాత. "మా నాయన నోరు నా బూటు కాడుంటే నిలబడలేకపోయా. నేనే విప్పుకున్నా."

ఒంటి మీద భారత సైన్యం యూనిఫారం, నెత్తిన టోపీ, కింద వట్టి కాళ్ళు. బూట్లు వాళ్ళ నాన్న చంకలో. పల్లెకి అలా చేరారు.

ఆయన దళం పని ఏమిటో తెలిస్తే ఆ సంగతి ఇంకా గుచ్చుకుంటుంది. శాపర్లు వంతెనలు కడతారు, దారులు వేస్తారు, శత్రువు పాతిన మైన్లు తీస్తారు. 1971 డిసెంబరులో తాత శకర్‌గఢ్ సెక్టార్‌లో ఉన్నాడు. బసంతర్ యుద్ధం అంటే మనకి అరుణ్ ఖేతర్‌పాల్ గుర్తొస్తాడు, 21 ఏళ్ళకే చనిపోయి పరమవీర చక్ర పొందిన కుర్రాడు. ఆ ట్యాంకులకి మైన్ల మధ్య దారి తెరిచింది శాపర్లు. మద్రాస్ శాపర్ల 9 ఇంజనీర్ రెజిమెంట్‌కి చెందిన మేజర్ విజయ్ రతన్ చౌధరి ఆ పనిలోనే చనిపోయాడు, మహావీర చక్ర ఇచ్చారు. ఆ వరసలో తాతలాంటి వాళ్ళు నేల మీద పాకుతూ, మట్టిని గుచ్చి చూస్తూ, అడుగు ఎక్కడ వెయ్యొచ్చో ఎక్కడ వెయ్యకూడదో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఇంజనీర్ల దళానికి ఒక్కటే మాట నినాదం. సర్వత్ర. అన్నిచోట్లా అని అర్థం.

మన చరిత్రలో ఈ బట్టలకి పెద్ద కథే ఉంది, విద్యార్థులు మీకు తెలిసిందే. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు, సైన్యం బడిలో చదువు చెప్పినవాడు. అంబేడ్కర్ పుట్టింది మహూ కంటోన్మెంట్‌లో. 1888లో అంటరానితనం మీద పుస్తకం రాసిన గోపాల్ బాబా వలంగ్‌కర్ రిటైరైన సైనికుడు. తర్వాత యుద్ధజాతులనే సిద్ధాంతం తెచ్చి బ్రిటిష్‌వాళ్ళు మహర్లకి తలుపులు మూశారు. మళ్ళీ ప్రపంచయుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి 1941లో మహర్ రెజిమెంట్, 1943లో చమార్ రెజిమెంట్ పెట్టారు. చమార్ రెజిమెంట్‌ని 1946లో రద్దు చేశారు. అవసరమైనప్పుడు శౌర్యం కనిపిస్తుంది, అవసరం తీరాక కులం కనిపిస్తుంది.

క్లాసులో రాజ్యం గురించి అంత మాట్లాడే మీరు యూనిఫారం కోసం సికింద్రాబాద్ దాకా వెళ్ళారా మేడమ్, అని నన్ను అడగబోయేవాళ్ళు ఉన్నారు. అడగండి. సైన్యంలో కులం లేదని నేను రాయడం లేదు. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి ఇప్పటికీ జాట్లు, రాజపుత్రులు, జాట్ సిక్కుల నుంచే తీసుకుంటారు. కానీ తాత పింఛను లేకపోతే నా ఇంటర్ ఫీజు లేదు. ఆ పింఛను 15 ఏళ్ళ సర్వీసు దాటినందుకు వచ్చింది. 2022లో వచ్చిన అగ్నిపథ్ నాలుగేళ్ళదే, నూటికి 25 మందిని మించి ఉంచుకోరు, మిగతావాళ్ళకి పింఛను లేదు. మా పల్లెలో పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్ళని చూసినప్పుడల్లా ఈ లెక్క గుర్తొస్తుంది. వీళ్ళ మనవరాళ్ళ ఫీజు ఎక్కణ్ణుంచి వస్తుంది?

తిరిగి కాగితానికి వస్తా. దాని వెనకవైపు తాత ఒక బొమ్మ గీశాడు. మా పల్లె, మాదిగపల్లె, నడిబజారు, బొడ్రాయి, కాలవ అవతల సమాధుల దొడ్డి. బాణం గుర్తు నడిబజారు మీదుగా పోతోంది.

మా పల్లె శవాలు ఎప్పుడూ దొంకదారినే పోతాయి. వానాకాలం మోకాలి లోతు బురద. నడిబజారు ఇప్పుడు సిమెంటు రోడ్డు, ప్రభుత్వం డబ్బుతో వేసింది. మా వాళ్ళు అక్కడ చెప్పులతో నడుస్తారు, బండ్ల మీద పోతారు. ఎవరూ ఏమీ అనరు. కానీ పల్లె నుంచి ఒక్క శవం ఇంతవరకూ ఆ దారిన పోలేదు. వద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. బోర్డు అక్కర్లేనంత బాగా అందరికీ తెలుసు.

తాత కొడుకు, నాకు మావయ్య, అయిదెకరాలు కౌలుకి చేస్తాడు. ఆ పొలం నడిబజారు ఆసామిదే. బొమ్మ చూసి మావయ్య మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాడు. "నాన్నకేం, పోతాడు. ఎల్లుండి కౌలు కాగితం అడగటానికి పోవాల్సింది నేను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చుండూరు పుస్తకాల్లో చదివినదానివి నువ్వు. ఆ రోజుల్లో రాత్రిళ్ళు కాపలా పడుకున్నోణ్ణి నేను" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయా. చుండూరు గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు తగలడంతో. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. వాళ్ళని ఊరి నడుమే పూడ్చి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. కాలు ఎక్కడ పెట్టాలి, శవం ఎక్కడ పూడ్చాలి అన్నవి మనకి ప్రాణాల మీది ప్రశ్నలు. మావయ్యది పిరికితనం అని నేననను. ఆ ఊళ్ళో ఉండేది ఆయన, నేను కాదు.

చట్టం సంగతి మాత్రం చెప్పా. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితుల్ని దారిన పోనివ్వకపోవడం, శ్మశానం వాడుకోనివ్వకపోవడం అందులో నేరాలు. బహిరంగ స్థలాల్లో చెప్పులు, బూట్లు వేసుకోనివ్వకపోవడం కూడా నేరమే అని విడిగా రాశారు. తాత బూట్లు విప్పిన 52 ఏళ్ళకి ఆ ముక్క చట్టంలోకి ఎక్కింది. మావయ్య విని, "కేసు పెట్టటానికి కూడా మనిషి మిగలాల గదా" అన్నాడు.

ఇక బూట్లు. తెచ్చినవి నల్లతోలువి, ఆయన సైజే. కానీ కాళ్ళ వాపు వల్ల ఎక్కలేదు. నేను బలవంతంగా తొడగబోతే నొప్పికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మాదిగపల్లెలో చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నాడు, 71 ఏళ్ళుంటాయి. బూట్లు నేను తీసుకెళ్తానంటే తాత వద్దన్నాడు. "నేనూ వస్తా" అన్నాడు. ఆటో ఎక్కించి తీసుకెళ్ళా.

పెద్దాయన మంచం వాల్చాడు. బూట్లు తిప్పి తిప్పి చూశాడు, కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చాడు. "ఎనక కుట్టిప్పి మెత్తతోలు ముక్క ఏసి కుడతా అన్నా. బయటికి తెలవదు" అన్నాడు.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు గుర్తుందా?" అన్నాడు.

"ఎందుకు గుర్తుండదు. నీ ఎనకాల నడిచినోణ్ణేగా" అన్నాడు పెద్దాయన, ఆరె చేతిలోకి తీసుకుంటూ.

అప్పుడు తెలిసింది నాకు, 1964 కథలో మిగతా సగం. నడిబజారులో బూట్లు విప్పిన మర్నాడు సాయంత్రం తాత మళ్ళీ యూనిఫారం వేసుకున్నాడు. బూట్లకి పాలిష్ పెట్టాడు. నేరుగా మాదిగపల్లెకి వెళ్ళి ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు, మేకులు టకటకలాడిస్తూ. అక్కడ విప్పమనేవాళ్ళు ఎవరూ లేరు కదా. పిల్లలు వెనకాల పరిగెత్తారు. ఈ పెద్దాయన వాళ్ళ నాన్న గడపలోంచి లేచొచ్చి, "ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడనీ అయ్యా" అన్నాడట. తాత, "ముట్టుకోమాకు, పాలిష్ పోద్ది" అన్నాడు.

"మా నాయన కుట్టుపనోడు" అన్నాడు పెద్దాయన. "ఆ కుట్టు ఎట్టేశారో చూద్దామనుకున్నాడు. అంతే."

అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఇది నేను రాయకుండా వదిలెయ్యొచ్చు. నడిబజారు దాకా రాసి ఆపితే మా తాత మీ అందరికీ అమరవీరుడిలా కనిపిస్తాడు. కానీ ఉపవర్గీకరణ మీద 2024 ఆగస్టు 1 తీర్పు వచ్చాక మనం ఒకళ్ళనొకళ్ళం ఏమేం అనుకున్నామో నాకు గుర్తుంది. మాల ఇళ్ళలో ఏం మాట్లాడుకుంటారో మాల ఇంట్లో పుట్టినదానిగా నాకు తెలుసు. పైవాడు విప్పించిన బూట్లు కిందవాడి ముందు తొడుక్కోవడం మా తాత ఒక్కడే చెయ్యలేదు. ఆ బూట్లు కుట్టే చేతులు ఎవరివో తెలిసి కూడా చేశాం.

తాత అన్నాడు, "మా వోళ్ళకి చెప్తా. నన్ను ఈ పల్లె పక్కనుంచేగా తీసకపోయేది. ఇది దాటిందాకా బూట్లు పెట్టెలో పక్కనపెట్టి, నడిబజారు కాడ తొడగమంటా."

పెద్దాయన తల ఎత్తలేదు. "నీకు మతి పోయింది" అన్నాడు. "నేను కుట్టేది ఇప్పటానికా? ఇక్కణ్ణుంచే తొడుక్కుని పో. మేమూ వస్తాం నీ ఎనకాల. అప్పుడు రెండుసార్లు నడిచాంగా, ఇది మూడోసారి."

డబ్బులిస్తే తీసుకోలేదు. మూడోరోజు బూట్లు తానే తెచ్చి ఇచ్చాడు. తాత మంచం మీద కూర్చుంటే కింద కూర్చుని తొడిగి చూడబోయాడు. తాత కాలు వెనక్కి లాక్కుని, "పైన కూకో" అన్నాడు. మావయ్య వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తొడిగాడు. సరిపోయాయి.

ఇదంతా జరిగి నెలలు దాటింది. తాత ఉన్నాడు. యూనిఫారం ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాం, కలరా ఉండలు వేసి. మంచం మీదినుంచే నెలకోసారి తీయించి, బొత్తాలు లెక్కపెట్టి, మడత సరిగా లేదని మళ్ళీ పెట్టిస్తాడు. పాస్టరు గారు తెల్లబట్టలే బాగుంటాయి అని ఒకసారి అని చూశారు, రెండోసారి అనలేదు.

దారి సంగతి మావయ్య ఇంకా తేల్చలేదు. అడిగితే "అప్పటికి చూద్దాం" అంటాడు. నేను ఒత్తిడి చెయ్యడం లేదు. మొన్న ఆదివారం వెళ్ళేసరికి వసారాలో కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే. నన్ను చూసి, "ఆ రోజుకి సెలవు దొరుకుద్దా నీకు? మీ పిల్లలెంతమంది వస్తారు?" అని అడిగాడు.

అందుకే ఇది రాస్తున్నా. ఆ రోజు ఎప్పుడొస్తుందో తెలీదు, త్వరగా రావాలని ఎవరం కోరుకోవడం లేదు. వచ్చినప్పుడు ఫోన్ చేస్తా. నినాదాలేమీ అక్కర్లేదు. వచ్చి మాదిగపల్లె దగ్గర కలవండి. అక్కణ్ణుంచి సమాధుల దొడ్డి దాకా కిలోమీటరున్నర. చెప్పులో బూట్లో వేసుకుని రండి.

జై భీమ్.